ఓడిపోవడానికీ ఒక పద్ధతుండేది

మా రోజుల్లో ఓడిపోవడానికి కూడా ఒక పద్ధతుండేది. ఇప్పుడు ఓడిపోయేవాళ్ళే కనబడరు. రాత్రి తొమ్మిదింటికి టీవీ పెడితే ఎనిమిది గళ్ళలో ఎనిమిది మొహాలు. ఎనిమిది మందీ ఒకేసారి అరుస్తారు, ఎనిమిది మందీ గెలిచి ఇళ్ళకు పోతారు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన్ని కూర్చోబెడతారు. అవధాని ధార తెగ్గొట్టడమే ఆయన పని. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఆ పని ఒక్కడిదే. ఇప్పటి చర్చల్లో ఎనిమిది మందీ అప్రస్తుత ప్రసంగులే, అవధాని మాత్రం లేడు.

ఆ మధ్య ఒక రాత్రి చర్చ కర్మ సిద్ధాంతం మీద. ఒక స్వామివారు, ఒక హేతువాది, ఒక ప్రొఫెసరు, మిగతావాళ్ళు పార్టీల తరఫున వచ్చినవాళ్ళు. కర్మ సిద్ధాంతంతో పార్టీలకేం పని అని నన్నడక్కండి. చివరిదాకా ఓపిగ్గా చూశాను. స్వామివారు ఏం నమ్ముతున్నారో హేతువాదికి తెలీదు, హేతువాది దేన్ని కాదంటున్నాడో స్వామివారికి అక్కర్లేదు. ప్రొఫెసరుగారు నోరు తెరిచినప్పుడల్లా ప్రకటనలు. ఆఖర్న యాంకరమ్మాయి, ప్రేక్షకులే తేల్చుకోవాలంది. ఏం తేల్చుకోమంటారు? అసలు అక్కడ ఎవరేం అన్నారని?

ముసలాడి సణుగుడు అనుకుంటారు, అనుకోండి. సణగడానికి నా దగ్గర కారణం ఉంది. మాది తెనాలి ప్రాంతం. మా నాన్న సంస్కృత కళాశాలలో తర్కం చదువుకుని హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసినవాడు. సంధ్యావందనం మానని మనిషి. మా మేనమామ కమ్యూనిస్టు. పార్టీ మీద నిషేధం ఉన్న రోజుల్లో జైలుకెళ్ళొచ్చాడు. ఈ బావా బావమరుదులిద్దరూ సాయంత్రం అయ్యేసరికి మా అరుగెక్కేవాళ్ళు. మాకు రేడియో లేకపోయినా లోటు తెలిసేది కాదు.

ఆ అరుగుకొక కట్టుబాటుంది. మామయ్య తన వాదం చెప్పడం పూర్తయ్యేదాకా నాన్న నోరు విప్పడు. పూర్తయ్యాక వెంటనే జవాబూ ఇవ్వడు. "ఏమోయ్, నువ్వన్నది ఇదీ," అని మామయ్య మాటలన్నీ తన మాటల్లో మళ్ళీ చెప్పి, "అవునా?" అనేవాడు. మామయ్య అవునంటేనే ముందుకు. కొన్నిసార్లు మామయ్య గడ్డం గోక్కుని, "నాకంటే నువ్వే బాగా చెప్పావు బావా," అనేవాడు. అప్పుడు మొదలెట్టేవాడు నాన్న, వరసబెట్టి విరగ్గొట్టడం. మామయ్య వంతు వచ్చినప్పుడూ అంతే. మాయావాదాన్ని ఒక కమ్యూనిస్టు నోట, తప్పు పోకుండా, శంకరాచార్యులు విన్నా తల ఊపేంతగా నేను మా అరుగు మీదే విన్నాను.

ఇది మా ఇంటి గొప్ప కాదు. దీని వెనక శాస్త్రముంది. న్యాయసూత్రాల్లో గౌతముడు చెప్పిన పదహారు పదార్థాల్లో వాదం, జల్పం, వితండ అని మూడున్నాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఒక మాట లేకుండా అవతలివాడిది పడగొట్టడానికే చేసేది వితండ. పదహారింటిలో ఆఖరిది నిగ్రహస్థానం, అంటే ఎక్కడ దొరికిపోతే ఓడిపోయినట్టో ఆ చోటు. అలాంటివి 22 లెక్కపెట్టారు. నాన్న నాచేత ఇవన్నీ బట్టీ పట్టించాడు. అప్పుడు తిట్టుకున్నాను గానీ, ఇప్పుడు టీవీ ముందు కూర్చుని వేళ్ళు మడుస్తుంటే అంతకుమించిన కాలక్షేపం లేదు.

వాటిల్లో అననుభాషణం అని ఒకటి. సభకంతా అర్థమైన మాటని, అవతలివాడు మూడుసార్లు చెప్పిన తర్వాత కూడా, నువ్వు తిరిగి చెప్పలేకపోయావనుకో, ఓడిపోయావు. నీ దగ్గర ఎంత మంచి జవాబున్నా సరే. విన్నది చెప్పలేనివాడికి జవాబిచ్చే హక్కు లేదన్నమాట. దీనికి జోడుగా అవిజ్ఞాతార్థం. నువ్వే మూడుసార్లు చెప్పినా సభకీ, ప్రతివాదికీ ఏమీ బోధపడకపోతే అప్పుడు ఓటమి నీది. ఈ ఒక్క నియమం అమలు చేస్తే ఎంతమంది స్వాములూ ఎంతమంది సిద్ధాంతవేత్తలూ వేదిక దిగిపోవాలో ఆలోచించండి. ఎవరికీ అర్థం కాకపోవడం లోతుకు గుర్తని ఈ మధ్యే ఎవరో కనిపెట్టినట్టున్నారు. పాతవాళ్ళకది ఓటమి.

విక్షేపం ఇంకోటి. వాదం బిగుసుకునేసరికి "నాకు అవతల పనుంది" అని లేచిపోవడం. మైకు పీకి బల్ల మీద కొట్టి వెళ్ళిపోయే పెద్దమనిషికి మర్నాడు వీరుడని హారతులు పడుతున్నారు గానీ, సూత్రం ప్రకారం ఓడిపోయి పారిపోయినవాడే. ఇక అన్నిటికంటే నాకిష్టమైనది మతానుజ్ఞ. నీ మీద ఒక దోషం మోపారు. నువ్వు దాన్ని కాదనకుండా, "మరి నీలో లేదా ఆ దోషం?" అన్నావు. అంటే నీ దోషం నువ్వే ఒప్పేసుకున్నావు, ఓడిపోయావు. మా హయాం సంగతి సరే, మీ హయాంలో ఏం జరిగిందో చెప్పండి అంటూ సాగే మన రాత్రి చర్చలన్నీ, మీ మతంలో లేవా మూఢనమ్మకాలు అని ఎగబడే వాదాలన్నీ, మీ దేశాల్లో జరగలేదా కరువులు అనే ఎదురుదాడులన్నీ మొదటి నిమిషంలోనే ముగిసిపోవాల్సినవి. మా మనవడికి ఇది చెప్తే, ఇంగ్లీషులో దీనికి కొత్తగా ఒక పేరు పెట్టారు తాతయ్యా అన్నాడు. పెట్టనీ. రోగం పాతదే, మందే మరిచిపోయాం.

తర్కం మొదలెట్టేవాడికి ఇచ్చే చిన్న పుస్తకం తర్కసంగ్రహం. రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని సామెత పుట్టింది ఆయన మీద. కొండ మీద నిప్పుంది, పొగ కనబడుతోంది కనక. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లోలాగ అని ఐదు మెట్లుగా ఒక మాటని ఎలా నిలబెట్టాలో నేర్పుతుందది. ఆ వెంటనే హేత్వాభాసలు, అంటే కారణంలా కనబడే కారణం కానివి. నా చేతికి ఫోను వచ్చాక ఈ హేత్వాభాసలకి రోజూ తాజా ఉదాహరణలు వస్తున్నాయి. ఫలానాయన గొప్ప జ్ఞాని, ఎందుకంటే ఆయన్ని లక్షలమంది అనుసరిస్తున్నారు. లక్షలమంది అనుసరించే అజ్ఞానులు లేరా? ఉన్నారు. అయితే అది సవ్యభిచార హేతువు, పనికిరాదు. మన పూర్వుల విమానం గంటకి ఇన్ని ఆమడలు పోయేది, పాదరసంతో నడిచేది కనక. ముందు విమానం ఉందని తేలాలి కదా. ఆకాశంలో పూసిన తామరకి వాసన ఉందా లేదా అని వాదించడం ఇది. ఆశ్రయాసిద్ధం అంటారు. మన వైమానిక శాస్త్రం అనే పుస్తకాన్ని 1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు పరీక్షించి, అది ఇరవయ్యో శతాబ్దంలో రాసిందనీ, అందులో చెప్పినవి ఎగరవనీ తేల్చారు. ఆ మాట మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇదంతా దేనికి చెప్తున్నానంటే, మన మతాలూ దర్శనాలూ అన్నీ ఈ ఎదుటివాడి మాట తిరిగి చెప్పే అలవాటు మీద నిలబడ్డవి. దాని పేరు పూర్వపక్షం. మీమాంసలోనైనా వేదాంతంలోనైనా ఒక అధికరణం, అంటే ఒక చర్చాంశం తీసుకోండి. విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి. నీ సిద్ధాంతం నాలుగోది. దానికంటే ముందు ప్రతిపక్షం మాట్లాడి తీరాలి, అదీ నీ నోటితో. రామానుజులు శ్రీభాష్యం మొదలుపెట్టగానే విశిష్టాద్వైతం చెప్పరు. మహాపూర్వపక్షం పేరుతో అద్వైతాన్ని తీరిగ్గా పరుస్తారు. అద్వైతం తెలుసుకోవాలంటే అదే చాలు అనేవాడు నాన్న. ఆయన అద్వైతి. తన మతం గురించి శత్రువు ఇచ్చిన సాక్ష్యాన్ని మెచ్చుకోవడంలో ఆయనకి నామోషీ లేదు.

అంతకుముందు నాగార్జునుడు. సాగర్ నీళ్ళ మధ్య దీవిగా మిగిలిన నాగార్జునకొండకి ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయన నిజంగా అక్కడ ఉన్నాడా లేదా అన్నదాని మీద చరిత్రకారులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు. విగ్రహవ్యావర్తని అని ఆయన పుస్తకం ఉంది. మొత్తం 70 శ్లోకాలు. మొదటి 20 శ్లోకాలూ ఆయన మీద వచ్చిన ఆక్షేపణలే. అన్నీ శూన్యమైతే నీ మాట కూడా శూన్యమే కదా, శూన్యమైన మాట దేన్ని ఖండిస్తుంది అని ఎదుటివాడు గొంతు పట్టుకునేలా అడుగుతాడు. అంత గట్టి ప్రశ్నని తన పుస్తకం గుమ్మంలోనే కూర్చోబెట్టుకున్నాడు మహానుభావుడు. ఆ తర్వాతే తన జవాబు మొదలు. ఇప్పుడైతే సులువైన ప్రశ్న ఏరుకుని, దాన్ని ఇంకాస్త వంకర తిప్పి, దానికి జవాబిచ్చి చప్పట్లు కొట్టించుకుంటారు.

చార్వాకుల సంగతి చూడండి. దేవుడు లేడు, పరలోకం లేదు, యజ్ఞాలు పొట్టకూటి ఏర్పాట్లు అన్నవాళ్ళు. వాళ్ళ బృహస్పతి సూత్రాలు పోయాయి. మరి వాళ్ళేమన్నారో మనకెలా తెలుసు? తొంభై పాళ్ళు వాళ్ళని ఖండించినవాళ్ళ పుస్తకాల్లోంచే. 14వ శతాబ్దంలో విజయనగర కాలపు మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహం రాస్తూ మొట్టమొదటి అధ్యాయం చార్వాకుడికే ఇచ్చాడు. పడగొట్టడానికే ఇచ్చాడు, అందులో అనుమానం లేదు. ఎగతాళీ ఉంది. అయినా ఇచ్చాడు. ఈ రోజు మన నాస్తికులు ఉత్సాహంగా వల్లించే చార్వాక వచనాలు ఆస్తికులు దాచిపెట్టినవే. ఇప్పుడు నచ్చని పుస్తకం కనబడితే అంగట్లోంచి తీయించడం, రాసినవాడి ఇంటి ముందు ధర్నా. ఇంకో ఐదొందల ఏళ్ళకి, మనం ఎవరితో తగువు పడ్డామో చెప్పడానికి ఒక ముక్కైనా మిగులుతుందా?

ఇంకో చిత్రం. వేదం అంటే ప్రాణం పెట్టి, వేదప్రామాణ్యం కోసం బౌద్ధులతో తలపడిన కుమారిల భట్టు, జగత్తుని సృష్టించిన ఈశ్వరుడున్నాడనే మాట ఒప్పుకోడు. శ్లోకవార్తికంలో ఆ వాదాన్ని ఖండించాడు. యజ్ఞఫలం ఇవ్వడానికి దేవుడి అవసరం లేదు, అపూర్వం అనే శక్తి చాలు అంటాడు మీమాంసకుడు. సాంఖ్యుడికీ ఈశ్వరుడితో పనిలేదు. ఇవన్నీ వేదాన్ని ఒప్పుకున్న దర్శనాలే. ధర్మాన్ని కాపాడతామని బయల్దేరిన కుర్రాళ్ళకి ఈ సంగతి చెప్పాను ఒకసారి. నన్ను మతద్రోహి అన్నారు. కుమారిలుణ్ణి కదా అనాలి!

సరే, కర్మ దగ్గరికొస్తాను. మా అరుగు మీద చాలాకాలం నడిచిన తగువది. మామయ్య అడిగాడు: "పాలేరు పస్తుండటం పూర్వజన్మ పాపమైతే, ఆసామి వాడి కూలి ఎగ్గొట్టడం ఎవరి పుణ్యం బావా?" నాన్న విన్నాడు. "నువ్వనేది, కర్మ సిద్ధాంతం ఉన్నవాడికి ఊరట, లేనివాడి నోటికి తాళం. అన్యాయానికి లెక్కాపత్రం రాసిపెట్టే గుమాస్తాగిరీ. అంతేనా?" అన్నాడు. అంతే అన్నాడు మామయ్య. అప్పుడు నాన్న సంచితం, ప్రారబ్ధం, ఆగామి మూడూ విడమరిచి, "పాలేరు ఆకలి వాడి ప్రారబ్ధమే అనుకో. ఆ ఆకలి చూసి ఆసామి చెయ్యి ముడుచుకోవడం ఆసామి ఇప్పుడు చేస్తున్న కర్మ. అది ఆగామి కింద జమవుతుంది. వాడి కర్మ అని చూస్తూ ఊరుకున్నవాడు సిద్ధాంతంలో సగమే చదివాడు," అన్నాడు.

మామయ్య దాన్ని అప్పజెప్పి, అవుననిపించుకుని, మెల్లగా అన్నాడు: "మరి ఇన్ని వందల ఏళ్ళలో ఆగామికి భయపడి పొలం పంచిన ఆసామిని చూపించు. సిద్ధాంతంలో రెండో సగం ఎవడి చేతా ఏ పనీ చేయించలేదు, మొదటి సగమే ఊరంతా పని చేసింది. సిద్ధాంతాన్ని పుస్తకంలో చూడాలా, ఊళ్ళో చూడాలా?" నాన్న ఆ రాత్రి జవాబు చెప్పలేదు. "ఇది నిలిచింది," అన్నాడంతే. మావాళ్ళ భాషలో దానర్థం, ప్రస్తుతానికి నేను ఓడాను అని. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మామయ్య మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

మర్నాడు నాన్న ఎదురు తిరిగాడు. "చరిత్ర ఒక దిక్కుకే పోతుంది, అది తప్పదు అంటారు మీ గతితార్కిక భౌతికవాదులు. తప్పనిదైతే నువ్వు జైలుకెందుకెళ్ళావోయ్? అరుగు మీద కూర్చున్నా వస్తుందిగా విప్లవం. నా ప్రారబ్ధానికీ నీ చారిత్రక అనివార్యతకీ తేడా ఏమిటి?" మామయ్య గడువడిగాడు. అవును, గడువు అడగొచ్చు, ఇచ్చేవాళ్ళు. విజయవాడ వెళ్ళి విశాలాంధ్ర పుస్తకాల షాపులో వెతుక్కుని, చరిత్రలో వ్యక్తి పాత్ర గురించి 1898లో ప్లెఖనోవ్ రాసిన వ్యాసం సంపాదించి చదువుకొచ్చాడు. సరిగ్గా ఆ చిక్కే ప్లెఖనోవ్‌కీ ఎదురైంది: అనివార్యమని నమ్మినవాడు చేతులెందుకు కదుపుతాడు? తాను కూడా ఆ అనివార్యతలో ఒక భాగమని తెలిసినవాడు ఇంకా గట్టిగా కదుపుతాడని ఆయన సమాధానం. నాన్న విని, ఇది గీతకి దగ్గరగా ఉందే అన్నాడు. మామయ్యకి అంతకంటే అవమానం ఇంకోటి లేదు! మళ్ళీ మొదలు.

ఒక జవాబు కోసం బస్సెక్కి పుస్తకం తెచ్చుకోవడం. ఇప్పుడు బొటనవేలితో వచ్చేస్తుంది కదా అంటారు. మా మనవడు ఫోనుని అడిగితే రెండు పక్షాలూ ముచ్చటగా రాసిచ్చింది. చూశాను, పూర్వపక్షం ఫర్వాలేదు. కానీ ఓడిపోవడానికి ఎవరో ఒకరుండాలి కదా. ఓడినా మర్నాడు మళ్ళీ అదే అరుగెక్కాలి కదా.

అరుగుల మీదే కాదు, ఊరు దాటినా ఈ మర్యాద ఉండేది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించేముందు ఏళ్ళ తరబడి పండితులతో శాస్త్రం మీద శాస్త్రంతోనే వాదించారు. ఆయన పరాశర స్మృతి తీస్తే వాళ్ళు మనువుని తీశారు. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు సూతపురాణం, శంబుకవధ రాశారంటే పురాణాలు కంఠస్థం కాబట్టి రాశారు. పురాణాలు తెలియని పురాణ విమర్శ మాకు తెలీదు. గోరాగారు వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు, నాస్తికత్వం వల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి. ఆయన సేవాగ్రామం వెళ్ళి గాంధీగారితోనే దేవుడి మీద మాట్లాడారు. తన ఆస్తికత్వం ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ చెప్పలేనన్న భావం వచ్చేలా అన్నాడట గాంధీ. ఆ సంభాషణలన్నీ గోరా పుస్తకంగా రాస్తే, 1951లో దాన్ని అచ్చేసింది గాంధీగారి నవజీవన్ సంస్థే. నాస్తికుడి పుస్తకం, మహాత్ముడి ప్రెస్సు! ఈ రోజు ఒక ఆశ్రమం ప్రెస్సులో అలాంటిది అచ్చు పడుతుందని ఎవరైనా చెబితే నేను విమానం కథ నమ్మినట్టు నమ్ముతాను.

మా సంగం జాగర్లమూడి వాడు, కొత్త సచ్చిదానందమూర్తిగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పి, తర్వాత యూజీసీ ఉపాధ్యక్షుడిగా చేసి, పద్మవిభూషణ్ అందుకున్న మనిషి. 1959లో అద్వైతంలో శ్రుతి, యుక్తి గురించి ఇంగ్లీషులో పుస్తకం రాశారు. అద్వైతం ఏమంటుందో చెప్పి, అక్కడక్కడే దాన్ని నిలదీసే పుస్తకం. చదివిన అద్వైతులు కోప్పడ్డారేమో గానీ, మా మతం నీకర్థం కాలేదు పొమ్మనడానికి వీల్లేకుండా రాశారు. ఇప్పుడు మా చుట్టుపక్కల ఏ డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం ఉందో కనుక్కుందామని తిరిగాను. కంప్యూటర్ల గది చూపించారు.

చదవకుండా తిట్టేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, అబద్ధమెందుకు. విశ్వనాథవారి రామాయణ కల్పవృక్షానికి 1970 జ్ఞానపీఠం వచ్చింది. ఆ నాలుగైదేళ్ళకే రంగనాయకమ్మగారి రామాయణ విషవృక్షం వచ్చింది, మూడు భాగాలు. వీధి వీధంతా తగువే. అందులో సగంమంది కల్పవృక్షం అట్టా చూడలేదు, విషవృక్షం అట్టా చూడలేదు. కానీ రెండూ చదివి తిట్టుకునే మిగతా సగంమంది ఉండేవాళ్ళే, వాళ్ళ ముందు చదవనివాడు నోరు మూసుకునేవాడు. ఆ నోరు మూసుకోవడమే పోయింది ఇప్పుడు.

ఇంతసేపూ మా కాలాన్ని నెత్తికెత్తుకున్నాను. దాని గుమ్మం ఎంత ఇరుకో కూడా చెప్పాలి, లేకపోతే నాన్న నన్ను నిగ్రహస్థానంలో పెట్టేవాడు. పాలేరు పస్తుల మీద మా అరుగు మీద అంత వాదం జరిగింది. పాలేరు ఆ సమయానికి ఎద్దులకి కుడితి పెడుతున్నాడు. అరుగెక్కి నీ పక్షం ఏమిటో చెప్పు అని అతన్ని ఆస్తికుడూ అడగలేదు, కమ్యూనిస్టూ అడగలేదు. అవతలివాడి మాట తిరిగి చెప్పాలన్న నియమం బ్రహ్మాండమైనదే, అవతలివాడుగా ఎవర్ని లెక్కపెట్టాం అన్నది నియమంలో లేదు. బృహదారణ్యకంలో గార్గి వరసగా అడుగుతూ పోతుంటే, ఇంకా అడిగితే తల తెగిపడుతుందన్నాడు యాజ్ఞవల్క్యుడు. ఆవిడ కాసేపాగి మళ్ళీ లేచి ఇంకో రెండు ప్రశ్నలు వేసింది, అది వేరే సంగతి. శంకరుడికీ మండనమిశ్రుడికీ జరిగిన వాదంలో తీర్పరి మండనుడి భార్యేనని శంకరవిజయ కథ. ఓడినవాడు గెలిచినవాడి ఆశ్రమం పుచ్చుకోవాలని పందెం. కథే అనుకోండి. అలాంటి కథ చెప్పుకున్నవాళ్ళు ఇళ్ళలో ఆడవాళ్ళని వంటింటి గుమ్మం దాటి మాట్లాడనిచ్చారా? మా అమ్మకి అరుగు మీద వాదాలన్నీ నోటికొచ్చు. ఆవిడ పక్షం ఏమిటో నాకిప్పటికీ తెలీదు.

అందుకే జాషువాగారు 1941లో గబ్బిలం రాస్తూ తన మొర గబ్బిలంతో చెప్పుకున్నారు. అంటరానివాడి మాట విని తిరిగి చెప్పే మనిషి దొరక్కపోతే, గుడిలోకి అడ్డం లేకుండా పోగలిగిన జీవిని వెతుక్కోవాల్సి వచ్చింది. కర్మ సిద్ధాంతం మీద అందులో ఆయన వేసిన ప్రశ్న మామయ్య వేసినదానికంటే పదునైనది, ఎందుకంటే అది పస్తున్నవాడు స్వయంగా వేసింది. మా పండితుల్లో ఆయన పద్యాల అందాన్ని మెచ్చుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పినవాణ్ణి చూడలేదు.

అసలు ఈ దేశంలో ఇరవయ్యో శతాబ్దంలో పూర్వపక్షం మర్యాద నూటికి నూరుపాళ్ళూ పాటించింది ఎవరని నన్నడిగితే అంబేడ్కర్ పేరు చెబుతాను. 1936లో లాహోరు జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్ళు ఆయన్ని అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ఉపన్యాసం ముందుగా చదివి భయపడి సభే మానుకున్నారు. ఆయన తన ఖర్చుతో అచ్చేసుకున్నాడు. అదే కులనిర్మూలన. దాన్ని విమర్శిస్తూ గాంధీ హరిజన్ పత్రికలో రాశాడు. 1937లో రెండో ముద్రణ తెస్తూ అంబేడ్కర్ గాంధీ విమర్శని ఉన్నదున్నట్టు తన పుస్తకంలోనే వేసి, పక్కనే తన జవాబు వేశాడు. ఏ సభలోకైతే రానివ్వలేదో ఆ సభ నియమాన్ని ఆయనే నిలబెట్టాడు. మూడు తరాల పండితులం మేం అరుగుల మీద గొప్పలు చెప్పుకున్న పద్ధతి అది.

ఇప్పుడు అరుగులు లేవు. గుమ్మాలు వెడల్పయ్యాయి, అది మేలే. ఎవరైనా మాట్లాడొచ్చు, పాలేరు మనవరాలు టీవీలో కూర్చుని స్వామివారిని నిలదీస్తోంది, చూసి సంతోషించాను. ఆ పిల్ల ప్రశ్న పూర్తి కాకుండానే ఇద్దరు ఆవిడ మీద పడ్డారు, అదే నా బాధ. ఇన్ని తరాలు గుమ్మం బయట నిలబెట్టి, తీరా లోపలికి వచ్చేసరికి వినడం మానేశాం.

ఈ వ్యాసం చదివి నామీద కోపమొచ్చినవాళ్ళు ఆస్తికుల్లోనూ ఉంటారు, నాస్తికుల్లోనూ ఉంటారు, మా కాలం గొప్పేమిటని అడిగే కుర్రాళ్ళలోనూ ఉంటారు. తిట్టండి, నాకేం అభ్యంతరం లేదు. ముందు నేనేమన్నానో రెండు వాక్యాల్లో మీ మాటల్లో రాయండి. చదివి అవునో కాదో చెబుతాను. అవునన్నాక మొదలెట్టండి.